ఆగడం నేర్చుకున్న బళ్ళు

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు కంచరపాలెం మేస్త్రి జవాబులు

ప్రశ్న: మేస్త్రి గారూ, నేను షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. మల్కాపురంలో ఉంటాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న యెజ్డీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కిక్కు కొడితే స్టార్టవుతుంది. ఈ మధ్య మా మనవడు కొత్త బండి కొన్నాడు. "నీ బండిని మ్యూజియంలో పెట్టాలి తాతా" అంటాడు వాడు. "నీది ప్లాస్టిక్కురా, నాది ఇనుము" అంటాను నేను. ఎవరి మాట నిజం? ఇంకో సంగతి, ఇద్దరం చెరో బండి మీద సింహాచలం కొండకు వెళ్దామనుకుంటున్నాం. నా బండి మీద వెళ్లొచ్చా?
(ఒక పాఠకుడు, మల్కాపురం)

జవాబు: అయ్యా, కొండ ఎక్కడానికి మీ బండికి ఏ ఢోకా లేదు. నా దిగులంతా మీరు దిగేటప్పటి గురించే. అందుకని ముందు ఆ సంగతి చెబుతాను. తగువు తర్వాత తీరుద్దాం.

మీ మనవడిది ఫోర్ స్ట్రోక్ బండి. వాలులో యాక్సిలరేటర్ వదిలేసి రెండో గేరులో ఉంచితే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకుల మీద భారం బాగా తగ్గుతుంది. మీ టూ స్ట్రోక్‌లో ఆ పట్టు చాలా తక్కువ. బండి జారుకుంటూ పోతుంటే బ్రేకులే దిక్కు. పైగా మీ ఇంజిన్‌కి ఆయిల్ అందేది పెట్రోల్లో కలిపి పోసిన దాంట్లోంచే కదా. యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి కొండంతా దిగారనుకోండి, పెట్రోల్ పెద్దగా లోపలికి పోదు, దాంతో పాటు ఆయిలూ పోదు. వెనక చక్రం మాత్రం పిస్టన్‌ని ఆడిస్తూనే ఉంటుంది. ఆయిల్ అందక పిస్టన్ పట్టేసిందంటే వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోతుంది. మలుపులో అలా జరిగితే ఎంత అనుభవం ఉన్నా బండిని నిలబెట్టడం కష్టం. కాబట్టి దిగేటప్పుడు తక్కువ గేరులోనే ఉండండి. మధ్యమధ్యలో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ ఒకసారి తిప్పి వదలండి. పెట్రోల్ కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి న్యూట్రల్లో దిగే అలవాటు ఆ రోజుల్లో చాలామందికి ఉండేది. దయచేసి ఆ పని చేయకండి.

బయల్దేరే ముందు రెండు చక్రాలూ విప్పించండి. డ్రమ్ములో రాసుకునే బ్రేకు షూల మీది లైనింగు నున్నగా మెరుస్తోందేమో చూడమనండి. అలా మెరిస్తే పట్టు లేనట్టే. ఎమరీ కాగితంతో గరుకు చేయాలి, పలచబడితే షూలు మార్చేయాలి. లోపలున్న పొడిని మాత్రం నోటితో ఊదనివ్వకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయమనండి. ఇక షూలను తెరిచే కామ్ ఒకటుంటుంది. మన ఉప్పుగాలికి అది తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. అప్పుడు పెడల్ తొక్కితే బ్రేకు పడుతుంది కానీ, వదిలితే వెనక్కి రాదు. దాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, పలచగా గ్రీజు రాయాలి. గ్రీజు ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదకే కారుతుంది. కొండ దిగేటప్పుడు సగం దారిలో ఓ పక్కన ఆగి డ్రమ్ములు చల్లారనివ్వండి. వేడెక్కిన డ్రమ్ము బ్రేకు ఎంత తొక్కినా పట్టదు.

ఇక తగువు. మోటార్ సైకిల్ ఎంత మారిందో చెప్పమంటే ఎవరైనా ఇంజిన్ గురించే మొదలుపెడతారు. సీసీ ఎంత, పికప్ ఎంత, మైలేజీ ఎంత అని. నన్నడిగితే నేను పాన పట్టిన నాటి నుంచి నేటికి అన్నింటికన్నా ఎక్కువ మారింది బండి ఆగే తీరు. పోయే బళ్ళు మనకు ముందు నుంచీ ఉన్నాయి. ఆగే బళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

రాజ్‌దూత్ 350నే చూడండి. 1983లో వచ్చింది, యమహా ఆర్‌డీ 350కి మన దేశంలో తయారైన రూపం. రెండు సిలిండర్లు, దాదాపు 30 హార్స్ పవర్. యెజ్డీలు, బులెట్లు, మామూలు రాజ్‌దూత్‌లు తిరిగే రోడ్ల మీద అదొక పిడుగు. బయటి దేశాల్లో ఆ బండికి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఇచ్చారు. మన దగ్గరకు వచ్చేసరికి డ్రమ్ము బ్రేకు బిగించారు. ఇప్పటికీ ఆ బండి వేగం గురించి కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆ వేగాన్ని ఆపలేకపోయిన కుర్రాళ్ల ఇళ్లల్లో ఆ కథలు చెప్పుకోరు. నాకు ఆ ఇంజిన్ అంటే ఎంత ఇష్టమో, ఆ ముందు బ్రేకంటే అంత కోపం.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక జనం లెక్క మారిపోయింది. 97 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, పెట్రోల్లో ఆయిల్ కలిపే పని లేదు, పొగ లేదు, లీటరు పోస్తే తిరిగినంత తిరగొచ్చు. 1994లో స్ప్లెండర్ వచ్చింది. స్టీల్ ప్లాంటు షిఫ్టు మారే వేళ గాజువాక రోడ్డు మీద నిలబడితే ఈ మార్పంతా కళ్లముందే కనిపించేది. స్కూటర్లు తగ్గుతూ వచ్చాయి, ఈ బళ్ళు పెరుగుతూ వచ్చాయి. ఇంజిన్ అంత మారినా బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే. 1999లో సీబీజెడ్, 2001లో పల్సర్ వచ్చాక ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండటం మామూలు కుర్రాడి బండికీ అలవాటైంది. వానలో తడిసినా పట్టే బ్రేకు అది. డ్రమ్ములోకి నీళ్లు పోతే నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టుకుంటే గానీ పట్టేది కాదు, మీకు గుర్తుండే ఉంటుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. అంతకన్నా చిన్న బళ్ళకు ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడే ఏర్పాటు పెట్టారు. ఏబీఎస్ అంటే పెద్ద మాయేమీ కాదు. చక్రం దగ్గర పళ్ళున్న రింగు ఒకటి తిరుగుతుంటుంది, దాని పక్కన సెన్సర్ ఉంటుంది. చక్రం జారబోతోందని తెలియగానే ఏబీఎస్ పెట్టె బ్రేకు ఒత్తిడిని సెకనుకు ఎన్నోసార్లు వదిలి పడుతుంది. చక్రం బిగుసుకోదు, బండి పక్కకు పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. నా మటుకు నాకు స్వదేశీ మోటార్ సైకిల్ చరిత్రలో ఇంతకన్నా మంచి చట్టం ఇంకోటి లేదు.

"ముందు బ్రేకు పట్టుకోకు, పల్టీ కొడతావు" అని మన తరం పెద్దలు నేర్పారు. సన్నటి టైర్లు, పట్టీ పట్టని డ్రమ్ములు ఉన్న కాలంలో ఆ భయానికి అర్థం ఉంది. ఇప్పుడు మీ మనవడికి మాత్రం ఆ మాట నేర్పకండి. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది, కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ముందుది కాస్త గట్టిగా, ఒక్కసారిగా గుంజకుండా పిండుతున్నట్టు పట్టాలి. ఏబీఎస్ ఉన్నా ఇసుక మీద అది చేయగలిగింది తక్కువే. బీచ్ రోడ్డులో గాలి వీచిన రోజు మలుపుల్లో ఇసుక పేరుకుంటుంది, అక్కడ ముందే నెమ్మదించమనండి.

మీ మాటా కొట్టేయలేను. మీ బండిలో స్పార్క్ పుట్టించే పాయింట్లు పాడైతే దారి పక్కన కూర్చుని సన్న ఎమరీతో గీకి, గ్యాపు 0.4 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకుంటే ఇంటికి చేరేవారు. మడ్‌గార్డు సొట్టపడితే సుత్తితో తీసుకునేవారు. మీ మనవడి బండి ఆగిపోతే దానికి కంప్యూటర్ తగిలించి చూడాలి, ప్లాస్టిక్ విరిగితే కొత్తది కొనాలి. బాగుచేసుకోవడంలో మీ బండిదే పైచేయి. క్షేమంగా ఇల్లు చేరడంలో మీ మనవడి బండిది. కొండ మీద వాడిని మీ వెనక రమ్మనండి, ముందు పోనివ్వకండి. మీ బండి ఆగే దూరం ఎక్కువ, వాడిది తక్కువ.

ప్రశ్న: నమస్తే మేస్త్రి గారూ. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. సొంత డబ్బుతో 350 సీసీ బండి కొనుక్కుని ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించాను. దీనికి కిక్ లేదు, చోక్ లేదు, రిజర్వ్ నాబ్ కూడా లేదు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు బ్యాటరీ డౌన్ అయితే ఏం చేయాలని టెన్షన్. రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచమని మా బాబాయి చెబుతున్నారు. ఉంచాలా?
(ఒక పాఠకురాలు, మధురవాడ)

జవాబు: శుభం తల్లీ. ఆ గుడి ముందు నిమ్మకాయలు తొక్కించే బళ్ళ వరసలో ఇప్పుడు ఆడపిల్లలు సొంత పేరు మీద కొన్న మోటార్ సైకిళ్లు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు అక్కడ వాళ్లని వెనక సీట్లోనే చూసేవాణ్ణి. నాకు చాలా ఆనందమైన మార్పు ఇది.

బాబాయి గారి మాట కార్బురేటర్ కాలానిది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ ఎంత కావాలో కార్బురేటర్‌కి తెలియదు, అందుకే మనం చోక్ లాగి, వేడెక్కేదాకా ఆగేవాళ్లం. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ మీద బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. దాదాపు అన్ని బళ్ళకూ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది. ఇంజిన్ వేడి ఎంత, గాలి ఎంత పోతోంది అని సెన్సర్లు చెబుతాయి, దాన్నిబట్టి పెట్రోల్ పడుతుంది. అర నిమిషం ఆగితే చాలు. మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రం యాక్సిలరేటర్ గట్టిగా తిప్పకండి, ఆయిల్ వేడెక్కి అన్నిచోట్లకూ చేరాలి.

తాళం తిప్పగానే ట్యాంకులోంచి సన్నగా జుయ్‌మని ఒక శబ్దం వచ్చి రెండు మూడు సెకన్లలో ఆగుతుంది. అది పెట్రోల్ పంపు. ఆ శబ్దం ఆగాకే సెల్ఫ్ నొక్కండి. ఆ పంపు ట్యాంకులోని పెట్రోల్లో మునిగి ఉండి, దాంతోనే చల్లబడుతుంది. అందుకని ప్రతిసారీ ట్యాంకు అడుగంటే దాకా నడపకండి. పాత బళ్ళకు రిజర్వ్ నాబ్ తిప్పుకుని బంకు దాకా పోయేవాళ్లం, మీ బండికి లైటు వెలగడమే రిజర్వ్ అనుకోండి.

బ్యాటరీ సాధారణంగా ఒక్క రాత్రిలో పోదు. ముందే చెబుతుంది. సెల్ఫ్ నొక్కితే ఇంజిన్ బద్ధకంగా తిరుగుతుంది, మీటరులో లైట్లు మసకబారతాయి. అలా రెండు రోజులు కనిపిస్తే వెంటనే చూపించండి. బ్యాటరీలో కాస్త ప్రాణం ఉంటే రెండో గేరులో పెట్టి తోసి స్టార్ట్ చేయొచ్చు. పూర్తిగా డౌనైతే ఎంత తోసినా లాభం లేదు. పంపు పనిచేయాలన్నా, కంప్యూటర్ మేలుకోవాలన్నా కరెంటు కావాలి. ఊరెళ్లి వారాల తరబడి బండి వదిలేస్తే వచ్చాక ఛార్జింగ్ పెట్టించుకోండి. సీటు కింద ఎక్స్‌ట్రా లైట్లకీ, హారన్లకీ వైర్లు కోయనివ్వకండి. కొత్త బళ్ళు నా దగ్గరికి ఆగిపోయి వస్తే నేను ముందు వెతికేది అలా కోసిన వైర్లనే.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నా. యమహా ఆర్‌ఎక్స్ 100 అంటే పిచ్చి. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అమ్మకానికి ఉంది. కొత్త బండి ధరకు కాస్త తక్కువగా చెబుతున్నారు. రోజూ కాలేజీకి వాడుకోవచ్చా? అంత మంచి బండిని కంపెనీ ఎందుకు ఆపేసింది?
(ఒక పాఠకుడు, గోపాలపట్నం)

జవాబు: తమ్ముడూ, నీ పిచ్చి నాకు అర్థమవుతుంది. 98 సీసీ, 11 హార్స్ పవర్, బండి బరువు వంద కేజీల చుట్టుపక్కల. అందుకే ఆ ఎగురు. 1985 నుంచి 1996 దాకా తయారైంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఫోర్ స్ట్రోక్‌కి ఉండేలాంటి వాల్వులు ఉండవు, సిలిండర్ గోడకున్న రంధ్రాల్లోంచే కొత్త పెట్రోల్ గాలి లోపలికి వస్తుంది, కాలిన పొగ బయటికి పోతుంది. రెండూ ఒకే సమయంలో జరగడంతో కాలని పెట్రోల్ కొంత పొగతో పాటు బయటికి పోతుంది. పైగా ఆయిలూ కాలుతుంది. పొగ మీద నిబంధనలు బిగుస్తుంటే, టూ స్ట్రోక్ మోటార్ సైకిళ్లకు దారి మూసుకుపోయింది. బండి చెడ్డదై పోలేదు, గాలికి చెడ్డదై పోయింది.

కొనేముందు ఆర్సీ పుస్తకం అడుగు. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకె సరిచూసుకో. ఆ నంబరు చుట్టూ రేకు గీకినట్టున్నా, అంకెలు వంకరగా ఉన్నా అక్కడితో వదిలేయ్. ఎంత మంచి కండిషన్ అయినా సరే. సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అది ఉందో లేదో చూడు. సిలిండర్ ఎన్నిసార్లు బోరు కొట్టించారో, అంటే అరిగితే లోపల చెక్కి వెడల్పు చేయించారో అడుగు, ఆఖరి సైజుకు వచ్చేసి ఉంటే ఇక కొట్టించడానికి మిగలదు, కొత్త బ్లాకు కావాలి. సైలెన్సర్ కోయించిన బండి వద్దు. జరిమానా ఒక్కటే కాదు, టూ స్ట్రోక్‌కి సైలెన్సర్ ఆకారం ఇంజిన్ పనిలో భాగం. కోస్తే శబ్దం పెరిగి బలం తగ్గుతుంది.

రోజూ కాలేజీకి వద్దు. ముందూ వెనకా చిన్న డ్రమ్ములు, ఆ పికప్, ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్. ఈ మూడూ కలవకూడదు. ఉద్యోగం వచ్చాక రెండో బండిగా కొనుక్కో. ఆదివారం పొద్దున్నే భీమిలి దాకా వెళ్లిరా, దాని ఆనందం దానిదే. ఆయిల్ ట్యాంకు మాత్రం బయల్దేరే ముందు చూసుకో. దీనికి ఆయిల్ విడిగా పోస్తారు, అది అయిపోతే చెప్పకుండా పిస్టన్ పట్టేస్తుంది.

ప్రశ్న: నా బండికి పగలంతా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంది. ఎదురొచ్చేవాళ్లంతా గుప్పిట మూసి తెరిచి చూపిస్తున్నారు. స్విచ్ కనపడటం లేదు. రిపేరా?
(ఒక పాఠకుడు, తగరపువలస)

జవాబు: రిపేరు కాదండీ. 2017 ఏప్రిల్ నుంచి అమ్మే ద్విచక్ర వాహనాలన్నింటికీ ఇంజిన్ ఆన్‌లో ఉంటే లైటు వెలగాల్సిందే, అందుకే స్విచ్ తీసేశారు. లారీ డ్రైవర్ అద్దంలో మీరు కనపడటానికే ఈ ఏర్పాటు. విడిగా స్విచ్ పెట్టించుకోకండి. చేతులు చూపించేవాళ్లకు తల ఊపి వెళ్లిపోండి.

ప్రశ్న: బీచ్ రోడ్డు పక్కన అపార్టుమెంటులో ఉంటున్నాం. రెండేళ్లు నిండకుండానే చైన్, స్పోకులు, సైలెన్సర్ అన్నీ తుప్పే. పాత బళ్ళకు ఇలా ఉండేది కాదంటారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, పెదవాల్తేరు)

జవాబు: పాత బళ్ళూ తుప్పు పట్టేవి. వాటి రేకు మందం కాబట్టి చిల్లు పడటానికి ఎక్కువ కాలం పట్టేది, అంతే తేడా. సముద్రపు గాలిలో ఉప్పు బండి మీద కూర్చుంటుంది, రాత్రి తేమ దాన్ని కరిగిస్తుంది. వారానికోసారి మంచినీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ కవర్ కప్పకండి, లోపల తేమ పట్టి ఇంకా చేటు. గాలాడే గుడ్డ కవర్ వాడండి.

చైన్‌ని కిరోసిన్‌తో, మెత్తని బ్రష్‌తో కడగండి. పెట్రోల్ వాడితే లింకుల్లో రబ్బరు రింగులు పాడవుతాయి. ఆరాక, బండి తిరిగొచ్చి చైన్ వెచ్చగా ఉన్నప్పుడు లోపలి వైపున గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేసి, ఎక్కువైంది తుడిచేయండి. ఇంజిన్ ఆపేసి, చక్రం చేత్తో తిప్పుతూ చేయాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి గుడ్డ పట్టుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

సైలెన్సర్ ఎక్కువగా లోపలి నుంచి కుళ్లుతుంది. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి కూడా వస్తుంది. కూరగాయల బజారుకెళ్లి వచ్చేంత దూరంలో సైలెన్సర్ వేడెక్కదు, ఆ నీరు లోపలే ఉండిపోతుంది. వారానికోసారి రుషికొండ దాటి కాస్త దూరం నడిపితే అది ఆవిరై పోతుంది. హుద్‌హుద్ తుపాను తర్వాత బీచ్ వైపు బళ్ళు ఎన్నో చూశాను. పైకి కడిగి మెరిపించి తెచ్చారు, బ్రేకు డ్రమ్ములు విప్పితే లోపలంతా తుప్పు. కాబట్టి పైమెరుపు చూసి ఊరుకోకండి, ఏడాదికోసారి బ్రేకులు విప్పించండి.

ప్రశ్న: అన్నయ్యా, మా అబ్బాయి కొత్త స్పోర్ట్స్ బండి కొన్నాడు. వెనక సీటు ఎత్తుగా, చిన్నగా ఉంది, పట్టుకోవడానికి ఏమీ లేదు. అందం పోతుందని శారీ గార్డు కూడా తీయించేశాడు. పూర్ణామార్కెట్‌కి వాడి వెనక వెళ్లాలంటే చీర ఎక్కడ చక్రంలో పడుతుందోనని భయం. నాదే చాదస్తమా?
(ఒక పాఠకురాలు, మహారాణిపేట)

జవాబు: చాదస్తం కాదమ్మా. మీ భయం న్యాయమైంది, దానికి చట్టం కూడా తోడుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలి. అది ఎక్స్‌ట్రా ఫిట్టింగు కాదు, బండిలో భాగం.

మోటార్ సైకిల్ మారిన తీరులో నాకు బాధ కలిగించేది ఈ ఒక్కటే. పాత బళ్ళకు పొడుగాటి సీటు, వెనక గట్టి పిడి ఉండేవి. ఇంట్లో ముగ్గురికీ నలుగురికీ ఒకే బండి కాబట్టి వెనక కూర్చునే మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసేవారు. ఇప్పుడు చాలా బళ్ళలో వెనక సీటు పేరుకే ఉంది. చీర కొంగు, చున్నీ చక్రంలో చుట్టుకుంటే మెడకు బిగుసుకోవడం, వెనక్కి లాగేయడం రెండూ క్షణంలో జరుగుతాయి. అలా గాయపడినవాళ్లను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తీసిన గార్డు ఇంట్లో ఉంటే అదే బిగించుకోవచ్చు, కొద్ది నిమిషాల పని. లేకపోతే ఆ మోడల్‌కి సరిపోయేది కొనమనండి. బిగించాక బండి ఆపి ఉన్నప్పుడు ఒక గుడ్డ అంచు పట్టుకుని గార్డు పక్కనుంచి లోపలికి తోసి చూడండి. చక్రం దాకా వెళ్లిందంటే ఆ గార్డు చిన్నది, మార్పించండి. వీలైతే రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చోండి. కొంగు నడుముకు దోపుకోండి, హెల్మెట్ మీరూ పెట్టుకోండి. ఇవన్నీ అయ్యేదాకా ఆ బండి ఎక్కనని అబ్బాయికి చెప్పండి. ఈ పేజీ వాడికి చూపించి, మేస్త్రి చెప్పాడనండి.